నాలుగో భాగం బాగుందా, బాగాలేదా

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా చిన్నమ్మాయి ఫోను చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నవ్వింది. ఏమిటని అడిగితే, ఆ సముద్రపు దొంగల సినిమాల వరసలో మళ్లీ ఒకటి తీయబోతున్నారని ఎవరో రాశారట, ఆ వార్త కింద జనం అప్పుడే తగువు పడుతున్నారట. పాత జంట లేకపోతే మేం చూడం అని కొందరు, కెప్టెన్ ఒక్కడుంటే చాలునని కొందరు, ఇక చాలించండి బాబూ అని మరికొందరు. ఇంకా తీయని సినిమా బాగాలేదనడం ఏమిటమ్మా అని అది నవ్వుతుంటే నేనూ నవ్వాను గానీ, ఆ తగువు నాకు కొత్తది కాదు. సరిగ్గా ఆ మాట మీదే మా నాయనా, మా మేనమామా ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వాళ్లిద్దరూ వాదించుకుంటున్నారంటే ఇంట్లో మేమంతా హమ్మయ్య అనుకునేవాళ్లం. అదెందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంగ్లీషు సినిమాలు తెలుగు మాటలతో మన ఊళ్లకు రావడం మొదలైన కొత్తలో ఎంత వింతగా ఉండేదో. నేనప్పుడు తాండూరులో బడిపంతులమ్మను, రోజూ వికారాబాదు నుంచి రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. మా నాయనది నవాబుపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. పొలాలు కౌలుకిచ్చి వికారాబాదులో విత్తనాలు, ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. బేరం చేసేటప్పుడు కూడా తల ఊపడమో, అడ్డంగా తిప్పడమో తప్ప మాట ఖర్చు పెట్టేవాడు కాదు. మామ దానికి పూర్తిగా విరుద్ధం. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, తాండూరులో బండల పాలిషింగ్ మిషన్ నడిపేవాడు. రోజంతా ఆ మిషన్ల చప్పుడులో ఉండి ఉండి ఇంట్లో మంచినీళ్లు అడిగినా వీధి చివరకు వినపడేటట్టు అడిగేవాడు. కనుబొమల మీద నాపరాయి పొడి ఎప్పుడూ తెల్లగా ఉండేది.

ఆ దొంగల సినిమా మొదటి భాగానికి మమ్మల్ని తీసుకెళ్లింది మామే. మా అమ్మ అప్పటికి అరవైకి దగ్గరపడింది. సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆమె చూసిన నీళ్లన్నిట్లో పెద్దవి కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు. తెర మీద తుఫాను లేచి అలలు ఓడ మీద విరుచుకుపడుతుంటే అమ్మ చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుంది. పక్కనున్న మామ భార్య, మా అత్తమ్మ, నవ్వాపుకోలేకపోయింది. ఇంటర్వెల్‌లో అమ్మకు వచ్చిన సందేహం మాత్రం సముద్రం గురించి కాదు. దొరలందరూ ఆంధ్రా మాట మాట్లాడుతున్నరేందే అని నన్నడిగింది. నేను డబ్బింగ్ సంగతి చెప్పబోతే, మన మాట మాట్లాడితే దొంగలు ఇంకా మంచిగుందురు అని తీర్పు చెప్పేసింది.

ఆ కథలో ఓడ పోగొట్టుకున్న కెప్టెన్ ఒకడు, వాడిని నమ్ముకున్న వడ్రంగి కుర్రాడు, దీపస్తంభం కాపలావాడి కూతురు. ఆ కుర్రాడికీ పిల్లకూ పెళ్లవుతుందా కాదా అన్నది అమ్మకు ఇంటి సమస్య అయిపోయింది. రెండో భాగం వచ్చినప్పుడు తనే గుర్తుపెట్టుకుని అడిగి మరీ బయల్దేరదీసింది. మూడో భాగంలో ఓడ మీదే వాళ్ల పెళ్లి జరిగితే, వికారాబాదులో మా వాడకట్టు ఆడవాళ్లందరికీ సొంత మేనకోడలి పెళ్లి చెప్పినట్టు చెప్పింది. ప్రతిసారీ అదే పద్ధతి: పొద్దున రైల్లో తాండూరు, అత్తమ్మ చేతి భోజనం, మ్యాట్నీ, ఆ తర్వాత హాలు ముందర చాయ్ తాగుతూ అమ్మా, మామా సినిమాను విప్పి ఆరబెట్టడం. నాయన వింటూ నిలబడేవాడు.

మూడో భాగం వచ్చిన కొన్నాళ్లకు అమ్మకు కడుపునొప్పి మొదలైంది. గ్యాసు అనుకున్నాం. వికారాబాదు డాక్టరు పట్నం తీసుకుపొమ్మన్నాడు. నాయన పోదాం పదమని అడిగిన ప్రతిసారీ అమ్మే రేపనీ మాపనీ దాటేసింది. ఆసుపత్రి అంటే ఆమెకు వల్లమాలిన భయం. తీరా బలవంతాన తీసుకెళ్లేసరికి అక్కడి వాళ్లు ఆలస్యమైందన్నారు. అమ్మ పోయిన పదో రోజున చుట్టాలందరి మధ్యా మామ నిలబడి, నాయన మొహం మీదే అన్నాడు.

"నా అక్కను ఇంట్లనే పెట్టుకొని సంపుకున్నవ్ బావా."

నాయన తల ఎత్తలేదు. రేపు మాపు అన్నది అమ్మేనని ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పోయిన మనిషి మీద నెపం పెట్టడం ఆయనకు చేతకాదు. తర్వాత అత్తమ్మ ఎంత చెప్పి చూసినా మామ వినిపించుకోలేదు. రాకపోకలు నిలిచిపోయాయి. నేను తాండూరులోనే పని చేస్తున్నా కాబట్టి అప్పుడప్పుడు బడి అయ్యాక అత్తమ్మ దగ్గరికి వెళ్లి వచ్చేదాన్ని. మామ నన్ను ఆప్యాయంగానే పలకరించేవాడు. నాయన ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఇక్కడ నాయన కూడా అంతే.

అట్లా రెండేళ్లు దాటిపోయాక నాలుగో భాగం వచ్చింది. అది తాండూరుకు చేరేలోపే దాని మీద చెడ్డమాట చేరింది. రైల్లో నాతో రోజూ వచ్చే ఉద్యోగులు ధారూరు దాటేలోపే దాన్ని చీల్చి చెండాడేవారు. మా బడిలో లెక్కల పంతులు, కొత్త దర్శకుడట, పాత జంటను తీసేశారట, ఇంక చూసేదేముంది అన్నాడు. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చే మా ఆయమ్మ తన కొడుకు సగంలో లేచి వచ్చాడని చెప్పింది. బడి ఎదురుగా బట్టల దుకాణం సేటు కన్నడం మనిషి, సుమార్ అద అన్నాడు. అంటే ఏదో ఫరవాలేదని. మొత్తం మీద అన్ని అభిప్రాయాల్లోనూ మంచిది అదొక్కటే.

నాకు చూడాలని లేదు. కానీ ఒక ఆదివారం పొద్దున దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని నాయన, గుమ్మం దగ్గరే నిలబడి, "బిడ్డా, నాలుగోది ఆడుతున్నదంట గదా. పోయొద్దమా?" అన్నాడు. ఆయనంతట ఆయన సినిమాకు పోదామనడం అదే మొదలు. తాండూరేనా అని అడిగితే, మల్ల యాడికి అన్నాడు.

వెళ్లాం. ఈసారి అత్తమ్మ ఇంటికి కాకుండా స్టేషన్ దగ్గరి హోటల్లో ఇడ్లీలు తిని హాలుకు చేరాం. జనం పలచగా ఉన్నారు. దీపాలు ఆరబోయే ముందు, మాకు రెండు వరసల ముందు కూర్చున్న మనిషి తల చూసి నేను గుర్తుపట్టాను. మామ ఒక్కడే వచ్చాడు. నాయన కూడా చూశాడని ఆయన చేతులు ఒడిలో పెట్టుకున్న తీరులో తెలిసింది.  ఇంటర్వెల్‌లో మామ వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. చూసి, బయటికి పోకుండా మళ్లీ తెర వైపు తిరిగి కూర్చున్నాడు. ఖాళీ తెరను అంతసేపు చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సినిమా అయ్యేసరికి బయట వాన దంచుతోంది. ఎవరూ కదలడానికి లేదు. హాలు ముందరి రేకుల కింద జనమంతా ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు, అలా నిలబడ్డాక సినిమా గురించి మాట్లాడుకోక చేసేదేముంది. పైసలు దండగ అన్నాడొకడు. కత్తి యుద్ధాలు మస్తున్నయి అన్నాడు ఇంకొకడు. మామ ఇవతలి స్తంభం దగ్గర ఉన్నాడు. ఎవరో కాలేజీ కుర్రాడు ఆయన్ను కదిలించినట్టున్నాడు, మామ గొంతు వాన చప్పుడును మించి వినపడింది.

"ఆ పిల్ల లేంది గది ఓడేనా? ఆ పిల్ల ఉన్నదనే గదా అందరం చూసినం. ఆమెను తీసేసి, ఏం కానట్టు గట్లనే నడుపుతున్నరు. సిగ్గుండాలె."

నలుగురూ నిజమే నిజమే అన్నారు. అప్పుడు నా పక్కనుంచి, ఎవరినీ ఉద్దేశించనట్టుగా, నాయన అన్నాడు.

"లేనోళ్లు లేకనే పాయె. ఉన్నోడు ఏం చెయ్యాలె? ఓడ నడపాలె గదా."

మామ ఇటు తిరిగాడు. అంతమందిలో, రెండేళ్ల తర్వాత, సూటిగా నాయన మొహంలోకి చూశాడు.

"గంత అల్కగనా బావా? గంత సులువైతదా?"

"అల్కగ నడిపిండని ఎవరన్నరు?" నాయన గొంతు కొంచెం లేచింది. "సినిమా సక్కగ జూసినవా నువ్వు? ముందటి మూడిట్ల మాటకు ముందు నవ్వుతుండె వాడు. దీంట్ల ఒక్కసారన్న నవ్విండా? మొదలు కాడికెళ్లి ఆఖరు దాక, ఒక్కసారి?"

 పక్కనున్న కాలేజీ కుర్రాడు అవును సార్, నవ్వలే అన్నాడు. అది దర్శకుడి చేతగానితనమని ఒకరు, కాదు అదే గొప్పతనమని ఒకరు, క్షణంలో రేకుల కింద జనమంతా రెండు జట్లయ్యారు. ఆ గోలలో వాళ్లిద్దరూ మాత్రం ఒకరినొకరు చూస్తూ ఊరికే నిలబడ్డారు. నాకు ఏం చేయాలో తోచలేదు. వాన తగ్గిందేమోనని చూస్తున్నట్టు నటించాను.

కాసేపటికి మామ నా దగ్గరికి వచ్చాడు. నాయన పక్కనే ఉన్నా నన్నే అడిగాడు.

"మీ నాయిన పొద్దటి సంది ఏమన్న తిన్నడా?"

నేను నోరు విప్పేలోపే నాయన, "ఇడ్లీలు తిన్న. మంచిగ లెవ్వు," అన్నాడు.

"మరి నడువుండ్రి. మీ అత్త రొట్టెలు చేస్తది."

ఆ సాయంత్రం జొన్నరొట్టెలు తింటూ వాళ్లు సినిమా గురించి తప్ప మరో మాట ఎత్తలేదు. కెప్టెన్ ఆ పిల్లనూ పిల్లగాణ్ణీ వెతకడానికి పోవలసిందని మామ, వాళ్ల బతుకు వాళ్లను బతకనిచ్చాడని నాయన. కూరలో ఉప్పు ఉందో లేదో కూడా చూసుకోకుండా తిన్నారు. అత్తమ్మ, నేను వంటింట్లోంచి వింటూ, ఇప్పుడైనా ఆసుపత్రి సంగతి వస్తుందని ఎదురుచూశాం. రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు. మామ ఆ పదో రోజు మాటను వెనక్కి తీసుకోలేదు, నాయన రేపు మాపుల సంగతి చెప్పలేదు. దాన్ని క్షమించడం అంటారో ఏమంటారో నాకు తెలియదు. అడిగి తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆనాటి నుంచి మామ వికారాబాదు వస్తే దుకాణం ముందు స్కూటరు ఆపుతూనే, ఏం బావా, ఇంకా గది మంచి సినిమానే అంటవా అని కేకేసేవాడు. లోపల ఎరువుల బస్తాల మధ్య నుంచి నాయన, మంచిదే అనేవాడు. పలకరింపు అదే అయిపోయింది.

నాయన పోయిన కొన్నాళ్లకు అయిదో భాగం వచ్చింది. అందులో చివరన పాత జంట మళ్లీ కనపడుతుందని ముందే తెలిసి, మామను సంతోషపెడదామని తీసుకెళ్లాను. ఆయన కొడుకూ వచ్చాడు. ఆ పిల్లా పిల్లగాడూ తెర మీదికి వచ్చినప్పుడు మామ అమ్మ పేరు ఎత్తుతాడేమో అనుకున్నాను, ఎత్తలేదు. బయటికొచ్చాక కొడుకు, హమ్మయ్య, జంటను తెచ్చి మంచిపని చేసిండ్రు, నాలుగోది ఉత్త చెత్త అన్నాడు. మామ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"నీకేం సమజైందిరా నాలుగోది? అండ్ల కెప్టెన్ ఒక్కసారన్న నవ్విండా? పోయి సక్కగ జూడు మల్ల."

అని, జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకుంటూ, మా కంటే ముందు నడుచుకుంటూ పోయాడు.

ఆ హాలు ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి దుకాణాలు కట్టారు. సినిమా చూడాలంటే పిల్లలు పట్నం తీసుకెళ్తారు. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, అన్నీ బాగానే ఉంటాయి. సినిమా అయిపోగానే ఒక పక్క తలుపులోంచి బయటికి పంపిస్తారు, మెట్లు దిగితే తిన్నగా కార్ల దగ్గరే తేలతాం. ఎవరికి బాగుందో, ఎవరికి లేదో ఇంటికెళ్లాక ఎవరి ఫోనులో వాళ్లు రాసుకుంటారట, ఆ రాతలు లోకమంతా చదువుతుందట. అది తక్కువ సంగతేం కాదు. కాకపోతే, చూసినవాళ్లంతా కాసేపు ఒకేచోట నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పని జాగా మాత్రం ఎక్కడా కట్టడం లేదు.