నిద్ర పట్టిందా అని యాప్ అడిగింది

ఈ రోజు మధ్యాహ్నం వార్త కోసం కంకిపాడు వెళ్లాను. కరోనాతో కాలేజీలు మూతపడ్డాక ఇళ్లలోనే ఉండిపోయిన విద్యార్థుల మనసు బాగోగులు కనిపెట్టేందుకు శ్రావణి అనే ఇంజినీరింగ్ అమ్మాయి ఒక మొబైల్ యాప్ తయారుచేస్తోంది. తోటి విద్యార్థులు కొందరు దాన్ని వాడి చూస్తున్నారు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని యాప్ రోజూ పొద్దున అడుగుతుంది. వాళ్ల జవాబులు శ్రావణికి కనిపిస్తాయి.

నేను ఉండగానే ఆ అమ్మాయి ముఖం మారింది. ఇబ్రహీంపట్నంలో ఉండే క్లాస్‌మేట్ నస్రీన్ కొన్నాళ్లుగా రోజూ "లేదు" అనే నొక్కుతోంది. శ్రావణి వెంటనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఎత్తింది నస్రీన్ వాళ్లమ్మ.

"పాప హాయిగా పడుకుంటోందమ్మా. ఈ ఫోన్ నాది, క్లాసప్పుడే తనకిస్తా. పొద్దున్నే అడుగుతోంది కదా అని నేనే నొక్కుతున్నా."

"అది స్టూడెంట్స్ కోసం ఆంటీ."

"అట్లాగా? నన్నే అడుగుతోందనుకున్నా. ఇంక నొక్కన్లే."

"నొక్కండి ఆంటీ. ఇంతకీ మీకెందుకు నిద్ర పట్టట్లేదు?"

ఆమె భర్తది ఆస్పత్రిలో కరోనా వార్డు డ్యూటీ. ఇంటికి రాకుండా అక్కడే ఉంటున్నారు. ఆమె చెబుతూ ఉంది, శ్రావణి వింటూ ఉంది. నా ఇంటర్వ్యూ సగంలో ఆగిపోయింది. నేను గుర్తుచేయలేదు.

ఫోన్ పెట్టేశాక శ్రావణి యాప్‌లో మొదటి ప్రశ్న మార్చింది: "ఇప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది?" జవాబుల్లో "అమ్మ" కూడా ఉంది.

మీ ఇంట్లో అమ్మను నిద్ర పట్టిందా అని ఈ మధ్య ఎవరైనా అడిగారా? యాప్ అడిగితే లెక్కలోకి రాదు.