చంద్రిక మీదికి దూకిన కారు

వేగం కోసం నా రిమోట్ కారుకు ప్లాస్టిక్ బాడీ తీసేసి థర్మాకోల్‌ది చేశాను. పెన్సిల్ సెల్లులకు బదులు పాత సెల్‌ఫోన్ బ్యాటరీ పెట్టాను. ఈ సాయంత్రం అరుగు మీద నడుపుతుంటే, పక్కకు తిప్పేలోపే అది అంచు దాటి ఎగిరి, కింద నీడలో పెట్టిన చంద్రిక అనే వెదురు తట్ట మీద పడింది. అందులో అమ్మ పెంచిన పట్టుపురుగులు గూళ్లు అల్లుకుంటున్నాయి. వచ్చే వారం హిందూపురం మార్కెట్‌కు పోవాల్సిన పంట!

అమ్మ కారును పక్కకు తీసి, గూళ్లను వేలితో తడిమి చూసింది. ఒక్కటీ నలగలేదు.

"ఇదేమిరా, దూదికన్నా తేలిగ్గా ఉండాది! పురుగులు పని గూడా ఆపల్యా."

"బరువు తగ్గించినాను మా," అన్నాను, ఊపిరి పీల్చుకుని.

"ఇంగా తగ్గించు. రేపూ ఇట్లే దూకిస్తావు గదా!"

ఇంతకన్నా మంచి ఇంజనీరింగ్ సలహా మీ ఇంట్లో ఎవరైనా ఇచ్చారా?