‘శ్రీ’ అనే ఫోల్డర్

ఆ రోజు దుకాణంలో నేను ఏడవలేదు. ఏడుస్తానని ఎదురుచూశారు, అందుకే ఏడవలేదు.

తిరుపతిలో పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే చిన్న దుకాణం అది. అందులో పనికి కుదిరాను. నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. కంప్యూటర్ నాకు నేనే నేర్చుకున్నాను, ఎవరో పారేయబోయిన ల్యాప్‌టాప్ మీద, ఎవరో ఉచితంగా రాసి పెట్టిన పాఠాలతో. వాళ్ల మొహాలు నేనెరగను. పొద్దున దీపం పెట్టేటప్పుడు వాళ్లనూ తలుచుకుంటాను.

ఓనరు కాలేజీలో కంప్యూటర్లు చదివినవాడు. దుకాణం తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్‌లో మొట్టమొదటి ఫోల్డర్‌కు ‘శ్రీ’ అని పేరు పెట్టాడట. అప్పటి నుంచి తయారైన పాటలన్నీ అందులోకే. ఆ పని అతను రాసిన ఒక షెల్ స్క్రిప్ట్ చేసేది. అంటే కంప్యూటర్ వరసగా చేయాల్సిన పనుల చీటీ. ఒక్కో పాటలోని గరగర తీసేసి, ‘శ్రీ’లో పెట్టి, ముడి ఫైలును చెరిపేస్తుంది. పాటలకు ఒకటి, రెండు అని అంకెలే పేర్లు కాబట్టి ఏ చిక్కూ రాలేదు.

ఐరాల నుంచి ఒక పెద్దావిడ రెండు క్యాసెట్లు తెచ్చింది. రెండింటిలోనూ వాళ్లమ్మ పాడిన హారతి పాటలు. ఆ తల్లి పోయి చాలా ఏళ్లయింది, ఆ గొంతు ఇంకెక్కడా లేదు. మొదటి క్యాసెట్‌లోని పదకొండు పాటలూ ఎక్కాయో లేదో, టేపు తెగి చుట్టుకుపోయింది.

“పోతే పోనీలే పాపా, లోపలికి ఎక్కింది గదా,” అంది.

ఆ పదకొండూ ‘శ్రీ’లో చేరాయి. రెండో క్యాసెట్‌కు అంకెలు వద్దంది.

“దేవుడి పాటకి నంబర్లేంది పాపా! పేర్లు రాయి. ముందు శ్రీ రాయి.”

‘శ్రీ గౌరీ హారతి’. అలా ఆమె చెప్పినవన్నీ చెప్పినట్టే కొట్టాను. మా వైపు పెళ్లి పత్రికైనా కిరాణా చీటీ అయినా ముందు శ్రీ రాయనిదే చెయ్యి కదలదు.

ఆ తర్వాత ఎందుకో స్క్రిప్ట్ తెరిచి చూశాను. చెరిపే వరసలో ఫైలు పేరు చుట్టూ కొటేషన్లు లేవు. అవి లేకపోతే ఆ చీటీని చదివి నడిపే షెల్ అనే ప్రోగ్రాం, ఖాళీ ఉన్న ప్రతిచోటా పేరును తుంచేస్తుంది. ‘శ్రీ గౌరీ హారతి’ దానికి ఒక ఫైలు కాదు, మూడు. అందులో మొదటిది ‘శ్రీ’. పైగా అతను రాసింది, ఫోల్డర్ అయినా సరే అడగకుండా చెరిపెయ్యమనే ఆదేశం.

“అన్నా, ఈడ కొటేషన్లు పెట్టల్ల. లేకుంటే శ్రీ ఫోల్డరే పోతాది.”

“మూడేండ్లుగా నడస్తా ఉండాది మ్మా. నువ్వొచ్చినాక పోతాదా?”

ఆ పదకొండులో మూడు పాటలను నకలు తీసుకుని ఇంటికి పోయి, వాటి మీద పరీక్షించి, స్క్రిప్ట్ సరిచేసి తెచ్చాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. దుకాణంలో నడవలేదు. అతను పక్క జిరాక్సు షాపాయన్ని పిలిచి మరీ చూపించాడు.

“సూడప్పా, ఇంటి సదువు స్క్రిప్టు! మొదట్లోనే మొత్తుకుంటా ఉండాది.”

ఆ తప్పు నాదే. షరతు చూసే చోట జంట చదరపు బ్రాకెట్లు వాడాను. నా ఇంట్లోని షెల్‌కు అవి తెలుసు, దుకాణంలోని చిన్న షెల్‌కు తెలియవు. ఒంటి బ్రాకెట్ అయితే అన్నిటికీ తెలుసు. నా యంత్రంలో నడిస్తే లోకమంతా నడుస్తుందనుకున్నాను.

“పది నిమిషాలు ఇయ్యన్నా, మార్చేస్తా.”

ఇవ్వలేదు. నవ్వుతూనే తన పాత స్క్రిప్ట్‌ను తెచ్చి ఎంటర్ నొక్కాడు. కంప్యూటర్ ఏ ప్రశ్నా అడగలేదు, ఏ హెచ్చరికా ఇవ్వలేదు. కాసేపటికి వెతికితే ‘శ్రీ’ లేదు.

“పేర్లలో ఖాళీలు పెట్టింది నువ్వే గదా? ముందర శ్రీ ఎవురు పెట్టమన్న్యారు?”

ఆ మాట అన్నది ఎవరు? శుక్రవారం శుక్రవారం కీబోర్డుకు కుంకుమ పెట్టేవాడు! తన ఫోల్డర్‌కు పెట్టుకున్న శ్రీ శుభం, ఒక ముసలామె తల్లి పాటకు పెట్టించిన శ్రీ నేరమా? మనిషి ఇచ్చిన పేరును తుంచకుండా మోయడమే ఆ స్క్రిప్ట్ పని. రెండు గుర్తులు పెట్టడానికి బద్ధకించి, తప్పు పేరు మీదికి నెడతారా?

పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజులు వెతికాను. ముక్కలు దొరికాయి, పాట దొరకలేదు. నా ల్యాప్‌టాప్‌లోని ఆ మూడే మిగిలాయి.

“టేపే పాడైందని సెప్పెయ్ మ్మా. ఎట్టాగూ తెగింది గదా,” అన్నాడు ఓనరు.

పెద్దావిడ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను ముందే హెచ్చరించిందీ, నా స్క్రిప్ట్ నడవనిదీ, రెండూ చెప్పాను.

“పదకొండులో మూడేనా పాపా?”

“మూడేనమ్మా. రెండో క్యాసెట్ తెగలేదు గదా, దాంట్లోవి అన్నీ మళ్లా ఎక్కించినా.”

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మూడూ విన్నది. తర్వాత మెల్లగా అడిగింది.

“తులసమ్మ హారతి లేదా? మాయమ్మ దాంట్లో నన్ను పేరు పెట్టి పిలస్తాది.”

“లేదమ్మా.”

నన్ను తిట్టలేదు. పెన్‌డ్రైవ్‌ను కొంగున ముడేసుకుని ఓనరు వైపు తిరిగింది.

“ఏం నాయనా, ఆ పిల్ల సెప్పింది గదా. ఇన్నుంటే నీ సొమ్మేం పోయింది?”

అతను గోడ మీది దేవుడి పటం వైపు చూశాడు. సిగ్గు లేకపోతే సరి.

ఆ సాయంత్రమే పని మానేశాను. వెళ్లేముందు స్క్రిప్ట్‌లో ప్రతి పేరుకూ కొటేషన్లు పెట్టి, బ్రాకెట్లు మార్చి, రెండు షెల్స్‌లోనూ నడిపి చూశాను. అతని మీద దయ కాదు. రేపు ఇంకెవరో వచ్చి ముందు శ్రీ రాయమంటారు.

మిగిలిన మూడు పాటలకూ దీపం దగ్గర రోజూ దండం పెట్టుకుంటాను. అతన్ని క్షమించమని మాత్రం దేవుణ్ణి ఇంతవరకు అడగలేదు. అడగబుద్ధి కాలేదు.