ప్యాకెట్టు అంచున అక్షరాలు

చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి ఉంటే పక్కనెవరో మసాలా శనగల ప్యాకెట్టు చించారు. చర్రుమని ఆ చప్పుడు, వెనకే నూనె వాసన. మిగతావాళ్ళకి నోరూరి ఉంటుంది, నాకు మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఆ చప్పుడు వినగానే నేల వైపు చూడడం, తర్వాత సిగ్గుపడడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు సన్యాసిరావు గారి నుంచి వచ్చింది.

ఆయన మా ప్యాకింగ్ యూనిట్ యజమాని. అనకాపల్లి రోడ్డు మీద, చెరకు తోటల మధ్య రేకుల షెడ్డు. డిప్లొమా పట్టుకుని నేను చేరినప్పుడు అక్కడ పాల కవర్లు మాత్రమే తయారయ్యేవి. ప్లాస్టిక్ గింజలు కరిగి, గాలి నింపుకుని, కప్పుదాకా బుడగలా లేచి, పైన రోలర్ల మధ్య అణిగి పొరగా చుట్టుకునేవి. ఆయన ఆ పొరని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది తిరిగొస్తాదమ్మా" అనేవారు. "పాలు తాగేసి కవరు పాత సామాన్లోళ్ళకిస్తారు. ఆళ్ళు మనకే తెస్తారు. కరిగిత్తే మళ్ళీ గింజే. పాలకి పనికిరాపోయినా సెత్త సంచులకి పనికొస్తాది." బడికి పంపిన పిల్లలు సాయంత్రానికి ఇల్లు చేరతారన్న ధీమా ఉండేది ఆ మాటలో.

పాల కవర్ల ఆర్డర్లు తగ్గి జీతాలకి ఇబ్బంది పడుతున్న రోజుల్లో చిరుతిళ్ళ కంపెనీ ఒకటి వచ్చింది. లోపల వెండిలా మెరిసే ప్యాకెట్లు కావాలంది. వేరువేరు రకాల పొరలు జిగురుతో అతికించి చేస్తాం వాటిని. లోపలి తిండి మెత్తబడదు. కానీ అతికిన పొరల్ని మేం విడదీయలేం, కలిపి కరిగిస్తే ఎందుకూ పనికిరాని ముద్ద. ఇది ఆయనకి మొదటి రోజే తెలుసు. అయినా ఒప్పుకున్నారు. షెడ్డులో పనిచేసే అందరిళ్ళలోనూ పొయ్యి వెలగాలి కదా. ఆ ఏడాదే ఆయన రోడ్డు మీద వంగడం మొదలుపెట్టారు.

సంత రోజు ఆయనతో నడవడం నాకు తలవంపుగా ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న అంత మనిషి, కాలవ గట్టున ఖాళీ ప్యాకెట్టు తీసి అంచు తిప్పి చూసేవారు. అవే ప్యాకెట్లు వేరే ఊళ్ళ యూనిట్లలోనూ తయారవుతాయి. మాదేదో చెప్పేది అంచున ఉన్న మా యూనిట్ పేరొక్కటే. మాదైతే సంచిలో వేసుకునేవారు. పాత సామాన్లు కొనే పైడమ్మ ఒకసారి బజారంతా వినేలా నవ్వింది.

"ఏటి బాబూ, నా యాపారానికే పోటీకొచ్చేసేరా?"

"నువ్వు కొంటే నీకే ఇచ్చేద్దును గదే" అన్నారాయన.

"ఇయ్యా? ఉత్తినే ఇచ్చినా నాకొద్దు బాబూ. ఏటి సేసుకుంటాను?"

ఆయన నవ్వలేదు. అలా ఏరినవి షెడ్డు వెనక మూటలుగా పేరుకున్నాయి. ఏం చేస్తారని నేనడిగితే, "కళ్ళ ముందుంటాయి గదమ్మా" అనేవారు.

ఆయన బాధ చూడలేకపోయానంటే సగమే నిజం. నా పరువు కూడా చూసుకున్నాను. కొత్త డిజైను వచ్చినప్పుడు అంచున మా పేరు అక్షరాల్ని చీమ తలకాయంత చేయించాను. ఆయనకి చూపు మందగిస్తోంది. చదవలేకపోతే ఏరడం మానేస్తారు, హాయిగా ఇంట్లో కూర్చుంటారు అనుకున్నాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

ఆ ప్యాకెట్లు బజారుకెక్కాక ఒక సంతకి ఆయన సంచి బదులు గోనె తెచ్చారు. కనిపించిన ప్రతి ప్యాకెట్టూ అందులో వేస్తున్నారు. నడుం పట్టేసి మధ్యమధ్యలో గోడకి ఆనుకుంటున్నారు.

"సార్, అన్నీ మనవి కావు" అన్నాను.

"ఏది మనదో కనబడట్లేదమ్మా. అందుకే అన్నీ తీస్తన్నాను." ఇంకోటి తీసి గోనెలో వేస్తూ, నా వైపు చూడకుండా అన్నారు. "అచ్చరాలు నువ్వే సన్నం సేయించేవని తెల్సులే. నా మంచికే సేసేవు."

తిట్టినా బాగుండేది. తల ఎత్తలేక, నేనూ ఆయన పక్కన వంగాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు యూనిట్లో ఆయన కుర్చీలో నేనున్నాను. అక్షరాలు పెద్దవి చేయించడానికి నా మాట ఒక్కటి చాలు. ప్రతి కొత్త డిజైనుకీ అనుకుంటాను. మా పేరు కాలవల్లో అందరికీ కనబడుతుందని గుర్తొచ్చి ఊరుకుంటాను. నా గురించి ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి మరొకటి లేదు.

శనగలు తిన్నవాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. ప్యాకెట్టు బెంచీ కింద పడి ఉంది. తీసి, అంచు వెలుగుకి తిప్పి, కళ్ళజోడు పైకీ కిందకీ జరిపాను. నేను సన్నం చేయించిన అక్షరాలు ఇప్పుడు నా కంటికే ఆనడం లేదు. మాదో కాదో తెలియలేదు. దాన్ని బ్యాగులో వేసుకున్నాను, పక్క బెంచీ కింద ఉన్నదాన్ని కూడా.