తూర్పు ముఖంగా తిరిగిన కారు

రాజోలులో ఎరువుల కొట్టు నడుపుకునే ఆంజనేయప్రసాద్‌కి ఆ ఉదయం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య మాధవీలత ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఏవండీ, ఈ ఒక్క పూటా పెద్దమనిషిలా ఉండండి."

"నేనెప్పుడు లేనే?" అన్నాడాయన పట్టు కండువా సర్దుకుంటూ.

పోయినేడు చుట్టాలింట్లో గృహప్రవేశానికి వెళ్ళి, పిల్లల దగ్గర ఫోను లాక్కుని కార్ల పందెం ఆడుతూ, మలుపు రాగానే ఒళ్ళంతా వంచేసి పాయసం గిన్నెని తన్నేసిన మనిషి ఈయనే. ఆ పాయసం ఎవరి చీర మీద పడిందో ఆవిడకింకా గుర్తే.

ఈ పూట వ్యవహారం పాయసంతో పోయేది కాదు. వాళ్ళమ్మాయి నాగదుర్గ, కొత్తపేట దగ్గరి పండు అనే కుర్రాడు ఒకే బ్యాంకులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళూ సరేనన్నారు. మా వైపు పిల్లనిచ్చేవాళ్ళు ముందుగా వెళ్ళి మగపెళ్ళివారి ఇల్లు చూసుకుంటారు. పేరుకి ఇల్లే గానీ, నిజానికి చూసుకునేది మనుషుల్ని. ఇల్లు నచ్చిందంటే అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకుంటారు. ఆ వేళ వర్జ్యం రాకముందే ఆ కాస్తా కానివ్వాలని పంతులుగారు ముందే చెప్పారు.

పండు వాళ్ళ నాన్న గోవిందరాజులు కొబ్బరి రైతు. మర్యాదకి ప్రాణమిచ్చే మనిషి. అలాంటివాళ్ళందరిలాగే, తన మర్యాదకి లోటొచ్చిందని అనుమానం తగిలితే చాలు, ఇట్టే నొచ్చుకునే మనిషి కూడాను.

ఆయన ఇంటికొచ్చిన కాబోయే బావగారికి వీధి వసారా చూపించారు, మేడ చూపించారు, పెరడు చూపించారు. చివరికి కొబ్బరికాయలు పోసే షెడ్డు తలుపు తీసి, ఓ మూలనున్న పాత టార్పాలిను లాగారు.

"మా తమ్ముడు అమలాపురంలో వీడియో గేముల కొట్టు నడిపేవాడండి. మూసేసేక దీన్ని తెచ్చి ఇక్కడ పడేసేం. దసరాకి ట్రాక్టరుతోపాటు దీనికీ బొట్టు పెడతామండి, ఎంతైనా బండే కదా! కరెంటు పెడితే ఇప్పటికీ ఆడుద్ది."

ఆంజనేయప్రసాద్ రెండడుగులు ముందుకేశాడు. కారు ముందు భాగంలా చేసిన ఎర్రటి డబ్బా, లోపల సీటు, ఎదురుగా తెర. స్టీరింగు పైన తోలు ఊడినచోట చుట్టిన సైకిలు ట్యూబు. అదే ట్యూబు! అమలాపురం బస్టాండు వెనక సందులో, కాలేజీ ఎగ్గొట్టి మరీ తన రెండు చేతులతో పట్టుకున్న ట్యూబు.

ఆ రోజుల్లో ఆయన ఆడని పందెం లేదు. టీవీకి తగిలించే పచ్చ క్యాసెట్టులో చీమల్లా పాకే కార్లు ఆడాడు. పక్కవాణ్ణి కాలితో తన్ని పడేసే మోటారుసైకిళ్ళు ఆడాడు. కానీ ఈ ఎర్రకారు వేరు. నీలాకాశం కింద సాగిపోయే రోడ్డు, అటూ ఇటూ తాటీ కాని కొబ్బరీ కాని చెట్లు. "ఈ ఆట చేసినోడెవడో మన అంబాజీపేట రోడ్డు చూసే ఉంటాడ్రా" అని స్నేహితులతో వాదించేవాడు. ఒక గేటు దాటితే ఇంకాస్త టైము ఇస్తుంది. దాటకపోతే కారు నీరసపడి ఆగిపోతుంది. రెండో గేటు దాకా ఎన్నోసార్లు వెళ్ళాడు. మూడోది దాటేలోపలే వాళ్ళ నాన్న వచ్చి చెవి పట్టుకుని లేపి, తిన్నగా తీసుకెళ్ళి ఎరువుల కొట్టులో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ కుడిపక్క పొటాషు బస్తాలు, ఎడమపక్క పురుగుమందుల బీరువా, ఎదురుగా బల్ల. ఆ మూడింటి మధ్యా ఆయన జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. స్కూటరు కూడా కాలవగట్టు మీద గేదెల వెనకాలే నడిపే మనిషి.

"పంతులుగారు పిలుస్తున్నారు, ఇప్పుడే వస్తానండి. మీరు చూస్తూ ఉండండి" అని గోవిందరాజులు వెళ్ళారు.

చూస్తూ ఉండమన్నారు గానీ ఎక్కమనలేదు. ఆంజనేయప్రసాద్ ఎక్కాడు. షెడ్డులో కొబ్బరికాయలు వలిచే అబ్బులు పలుగు పక్కనబెట్టి, వచ్చి ప్లగ్గు పెట్టాడు. తెర మినుకుమంది. నీలాకాశం వచ్చింది, చెట్లొచ్చాయి. ఆయన పాత అలవాటు ప్రకారం సీటు కింద మీట నొక్కి, ముందుకి జరిగి, మోకాళ్ళు డబ్బా కిందకి తోసి, పొట్ట లోపలికి పీల్చి స్టీరింగు పట్టుకున్నాడు.

మొదటి గేటు దాటాడు. రెండోదీ దాటాడు. మూడో దాని ముందు మలుపులో లారీని గుద్దేశాడు. హాయిగా నవ్వుకుని, పీల్చిన ఊపిరి వదిలి, లేవబోయాడు.

లేవలేకపోయాడు.

మీట నొక్కితే సీటు కదల్లేదు. ఎన్నేళ్ళ తుప్పో, ఎన్ని పుట్ల కొబ్బరిపీచో సీటు జరిగే పట్టాల్లో ఇరుక్కుని ఉంది. పొట్టకీ స్టీరింగుకీ మధ్య కాగితం దూరే సందు కూడా లేదు.

సరిగ్గా అప్పుడే గోవిందరాజులు వచ్చారు. "బావగారూ, తాంబూలాలకి వేళవుతోంది. దయచేయండి."

ఇరుక్కుపోయానని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ పెద్దమనిషిలా ఉండమన్న మాట చెవిలో గింగురుమంది. "ఒక్క క్షణం కూర్చుంటానండి. సీటు మెత్తగా, చాలా బాగుంది" అన్నాడు.

అతిథి కూర్చుంటానంటే గోదావరి మనిషి ఏం చేస్తాడు? ప్లేటు తెప్పిస్తాడు. వియ్యపురాలు సూర్యకుమారి గారెలు తెచ్చారు. "అన్నయ్యగారు వేడివేడిగా ఇక్కడే తినేయండి" అన్నారు. వద్దంటే మర్యాద కాదు కదా, తిన్నాడు. పూతరేకులొచ్చాయి. తిన్నాడు. బొండం కొట్టించారు. తాగాడు. ఒక్కొక్కటీ లోపలికి వెళ్తున్నకొద్దీ ట్యూబు చుట్టిన స్టీరింగు పొట్టలోకి దిగుతోంది. దానికితోడు, తాగిన బొండం తన దారి తను చూసుకునే ప్రయత్నంలో ఉంది.

"ఇక లేద్దామా అండీ?"

"ఆయ్... కాస్సేపాగి."

గోవిందరాజులు మొహం మాడింది. భార్యని పక్కకి పిలిచారు. రేకుల షెడ్డులో గుసగుసలు దాగుతాయా!

"అలిగేరే."

"ఎందుకండీ? గారెలు గట్టిగా ఉన్నాయా?"

"గారెలు కాదు. మేడ మీద గదికి సున్నం వెయ్యలేదు చూడు, అదే అయ్యుంటాది. నోరు తెరిచి అనలేక షెడ్డులో కూర్చున్నారు."

మా వైపు పెళ్ళిళ్ళలో మనిషి కూర్చున్నచోటునించి లేవలేదంటే దానికి ఒకటే అర్థం. అలకపాన్పు ఎక్కాడని! మామూలుగా పెళ్ళికొడుకు ఎక్కుతాడు. పిల్ల తండ్రి ఎక్కడం మాత్రం ఎవరూ విని ఎరగరు.

గోవిందరాజులు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "బావగారూ, మా ఇల్లు మీకు నచ్చలేదంటే చెప్పేయండి. మేం ఏమీ అనుకోం. పిల్లల మాట పిల్లలకి నచ్చజెపుదాం."

ఆంజనేయప్రసాద్ గాభరాగా చేతులూపాడు. "అయ్యయ్యో, ఇల్లు బంగారంలా ఉందండీ!"

"మరి లేవరేం?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. దాన్ని అందరూ తమకి తోచినట్టు అర్థం చేసుకున్నారు. మాధవీలత గుమ్మంలోంచి కళ్ళతోనే పళ్ళు నూరింది. పంతులుగారు వాచీ చూసుకున్నారు. పండు వలిచిన కాయల గుట్ట పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

అప్పుడు నాగదుర్గ అందర్నీ తప్పించుకుని వచ్చి, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు.

"నాన్నా, నీకు పండు నచ్చలేదా? నచ్చకపోతే మొదట్లోనే చెప్పొచ్చుగా. ఇంతదూరం తీసుకొచ్చి, ఇంతమందిలో..."

ఆయన కూతురి మొహం చూశాడు. చిన్నప్పుడు కొట్టులో బస్తాల మీద కూర్చుని, బల్ల వెనకనించి నాన్న ఎప్పుడు బయటికొస్తాడా అని చూసిన మొహమే అది. ఇక పెద్దమనిషితనం పొట్టలో నిలవలేదు.

"పండు బంగారం తల్లీ! నేను... ఇరుక్కుపోయేనే!" అనేశాడు. పిల్ల చెవిలో అందామనుకున్నది షెడ్డంతా వినబడింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అబ్బులు వంగి కిందకి చూసి, "అవునండోయ్, సీటు పట్టేసింది" అన్నాడు.

గోవిందరాజులు మొహం విప్పారింది. బావగారు లేవనిది ఇల్లు నచ్చనందుకు కాదు, అలిగినందుకు కాదు, వట్టినే ఇరుక్కుపోయినందుకు! ఆయన నవ్వడం మొదలెట్టి, కాయల గుట్ట మీద కూలబడ్డారు. "ఇంత మంచి మాట ముందే చెప్పొద్దా బావగారూ! పోయిన దసరాకి బొట్టు పెడుతూ నేనూ ఎక్కి ఇరుక్కుపోయేనండి. నన్ను లాగింది అబ్బులే!"

"నవ్వులు తర్వాత" అన్నారు పంతులుగారు. "వర్జ్యం వచ్చేస్తోంది. ఈయన్ని తియ్యడం ఎంతసేపు?"

"నట్లు ఊడదియ్యాలండి. పూటంతా పడుద్ది" అన్నాడు అబ్బులు.

"అయితే ఇక్కడే కానిద్దాం. ఉన్నచోటే పీట అనుకుందాం. కాకపోతే ఈయన పడమటికి తిరిగి ఉన్నారు. తూర్పు ముఖంగా ఉండాలి."

తూర్పుకి తిరగమంటే ఆయనెలా తిరుగుతాడు! పండు పంచె ఎగ్గట్టాడు. అబ్బులు, ఇంకో ఇద్దరు పనివాళ్ళు భుజం పట్టారు. గోవిందరాజులు "జాగ్రత్త, జాగ్రత్త" అని వెనకనించి నెట్టారు. కారు కీచుమంటూ, పీచు మీద జారుతూ కదిలింది. అది తిరుగుతున్న వైపుకే ఆంజనేయప్రసాద్ చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పాయి. ఒళ్ళు కూడా వంగింది. మాధవీలత చూసింది గానీ, ఈసారి పక్కన పాయసం లేదు కనక ఊరుకుంది.

తాంబూలం పళ్ళెం స్టీరింగు మీద పెట్టి పుచ్చుకున్నారు. మంత్రం పూర్తయ్యేసరికి పంతులుగారు మళ్ళీ వాచీ చూసి, హమ్మయ్య అన్నారు.

"ఇక స్పానరు తీసుకురా అబ్బులూ!" అన్నాడు ఆంజనేయప్రసాద్ ఆదుర్దాగా. బొండం సంగతి ఆయనొక్కడికే తెలుసు.

"ఆగండాగండి!" సూర్యకుమారి అడ్డం వచ్చారు. "ఇప్పుడే వర్జ్యం వచ్చింది. తాంబూలాలు పుచ్చుకుని వర్జ్యంలో లేస్తారా అన్నయ్యగారూ? అది పోయేదాకా కదలకూడదు."

"ఆయ్, మరే" అన్నారు గోవిందరాజులు. పంతులుగారు తలూపారు. అబ్బులు తెచ్చిన స్పానరు కింద పెట్టేశాడు.

అందరూ భోజనాల ఏర్పాట్లకి లోపలికి వెళ్ళారు. మాధవీలత ఆగిపోయింది. ఏదో అంటుందనుకుని ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, కారు తిప్పినప్పుడు ఊడిపోయిన ప్లగ్గు మళ్ళీ పెట్టింది. తెర మీద నీలాకాశం వచ్చింది.

"ఊరికే కూర్చోడం దేనికి?" అంది, కాయల గుట్ట మీద చీర చెంగు పరుచుకుని కూర్చుంటూ. కాస్సేపు చూసి, "ఇంతకీ ఈ రోడ్డు ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగింది.

"ఏమోనే. మూడో గేటు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు."

"సరే, పోనివ్వండి. లారీ వస్తోంది, చూసుకోండి!"

ఆయన ఊపిరి పీల్చి, ఒళ్ళు వంచాడు. పక్కనే ఆవిడా వంగింది.