కంచె మామయ్య మేకను అప్పగించు విషయము

పేరు: అందరూ పిలిచేది కంచె మామయ్య. వయస్సు: యాభై తొమ్మిదేళ్ళ పదకొండు నెలలు. పరిచయం: ఈ పంక్తులు రాసే గుమాస్తాకు ఆయన ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. ఉద్యోగం: అడవిలో నాలుగో కంచె గేటు కాపలా.

ఆ అడవిలో నాలుగు భాగాలు, ఒక్కోదానికి ఒక్కో హోదా. మొదటిది సహజ స్మారకం. అక్కడ కాపాడేది ఒకే ఒక్క బండరాయిని, పక్కన నిలబడి ఎవరైనా ఫోటో దిగవచ్చు. రెండోది అభయారణ్యం, జంతువులకు రక్షణ, చుట్టుపక్కలవారికి అనుమతితో పశువుల మేపు. ఆపైన జాతీయ ఉద్యానం. బాట మీద నడిచి కళ్ళారా చూడవచ్చు, ఒక్క పుల్ల విరవరాదు. చిట్టచివర సంపూర్ణ రక్షిత ప్రాంతం. మనిషి చెయ్యి పడకపోతే అడవి ఎలా బతుకుతుందో తెలియడానికి దానిని దాని మానాన వదిలేశారు. శాస్త్రవేత్త తప్ప మరో మనిషి అడుగు పెట్టరాదు. కాపలాదారూ మనిషే కనుక ఆయనా పెట్టరాదు.

"లోపల ఏముంది తాతా?" అని వచ్చినవారు అడిగేవారు.

"చూస్తే చెప్పేవాణ్ణి బాబూ. చూస్తే ఉద్యోగం పోయేది."

పదవీ విరమణలోపు ఒక్కసారి లోపల చూడాలని మామయ్య కోరిక. ఆరు అర్జీలు పెట్టారు. మీ పరిశోధనాంశం ఏమిటని కార్యాలయం అడిగింది. 'ఇన్నేళ్ళూ నేను కాపాడినది ఏమిటో' అని రాశారు. అంశం మరీ విస్తృతమని అర్జీ తిరిగి వచ్చింది.

ఇంతలో ఇల్లాలి మేక కంచె కింద దూరి లోపలికి వెళ్ళింది. తేవాలంటే వెళ్ళాలి, వెళితే నేరం. ఆయన మూడు రోజులు బయటే నిలబడి ఆకుల కొమ్మ ఊపారు. నాలుగో రోజు అది తీరిగ్గా తిరిగొచ్చింది.

"ఏం చూశావే?" అని మేకను అడుగుతుంటే ఇల్లాలు విన్నది.

"అది చెప్తే నాకూ చెప్పండి. దానికున్న యోగం మీకు లేకపోయె!"

అయితే మేక లోపలి కెమెరాలో పడింది. శాస్త్రవేత్తలు దానిని ఆ ప్రాంతపు జంతువుల జాబితాలోకి ఎక్కించారు: కొమ్ములు రెండు, మెడలో గంట ఒకటి. వెంటనే తాఖీదు వచ్చింది. రక్షిత జంతువును ఇంట్లో కట్టివేసుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలి. పదిహేను రోజుల్లో దానిని యథాస్థానంలో అప్పగించాలి.

"గంట కట్టింది నేనండీ! అడవి కట్టిందా?" అని ఇల్లాలు మండిపడింది.

మామయ్య మేకను గేటులోంచి మూడుసార్లు తోశారు. మూడుసార్లూ వెనక్కి వచ్చింది.

"అంతా చూసేసింది కదా, ఇంకెందుకు పోతుంది? మీరు తాడు పట్టుకుని ముందు నడిస్తేనే అది కదిలేది," అన్నది ఇల్లాలు.

తాడు పట్టుకుంటే లోపలికి వెళ్ళాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మామయ్య తాఖీదును ఎనిమిదోసారి చదివి, అప్పుడు నవ్వారు.

"ఏమే, వదిలేయమనలేదు, అప్పగించమన్నారు! అప్పగించాలంటే వెంట ఒకడు వెళ్ళాలి కదా!"

ఇల్లాలు చాలాసేపు మేక వీపు నిమిరింది.

"సరే, వెళ్ళి కళ్ళారా చూసి రండి. దాన్ని మాత్రం తిరిగి రావద్దని చెప్పకండి."

కావున అధికారులవారు దయతో, ఈ నెలాఖరున ఆయన విధుల నుండి తప్పుకొనే లోపల, సదరు కాపలాదారుడు మేక తాడు చేతబట్టి ఒక్క పగలు లోపలికి నడిచి రావడానికి అనుమతించవలెనని, పరిశోధనాంశం అవసరమైనచో 'మేక' అని నమోదు చేయవలెనని, పిమ్మట మేక తనంతట తానుగా ఇల్లు చేరినచో ఎవరినీ బాధ్యులను చేయరాదని వినయపూర్వకముగా ప్రార్థించడమైనది.