అంగడి మెట్ల మీద చీరలు పరిచిన పెద్దక్క

పెద్దక్క పోయిందని మొన్న సోమవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. వారం రోజులు జ్వరమట. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే ఊపిరి ఆగిపోయిందట. నేను గోరంట్లలో బస్సెక్కి కదిరి చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదు. ఆ బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. కదిరి ఊరి చివర మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఉండేది, మా వైపు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందులోని పెద్ద అంగడిలో ఆమె చీరలు అమ్మేది. చిన్నా పెద్దా అందరం పెద్దక్క అనే పిలిచేవాళ్ళం.

ఆ స్థలంలో అంతకుముందు వేరుశనగ మిల్లు ఉండేది. భర్త పనికోసం బెంగళూరు వెళ్ళి అక్కడే జబ్బుతో చనిపోయాక, పెద్దక్క కూతురితో పల్లె విడిచి వచ్చి ఆ మిల్లులోనే విత్తనాలు ఏరే కూలికి కుదిరింది. వరసగా వానలు లేక మిల్లు మూతపడింది. దాన్ని పడగొట్టేటప్పుడు రాళ్ళు మోసింది. కాంప్లెక్సు కట్టేటప్పుడు ఇసుక మోసింది. అంగడి తెరిచాక ఊడ్చే పనిలో చేరింది.

కింద ఇంటిసామాన్లు, మధ్యలో చీరలు, పైన రాయదుర్గంలో కుట్టిన జీన్సు ప్యాంట్లూ పిల్లల బొమ్మలూ. కొత్తలో లిఫ్టు ఎక్కడానికే పల్లెల నుంచి జనం వచ్చేవారు. ఒక పండగ రద్దీలో ఎవరూ పట్టించుకోక నిలబడిపోయిన ఆడవాళ్ళు, ఊడుస్తున్న ఈమెనే ఏ చీర రంగు పోదని అడిగారట. చీపురు పక్కన పెట్టి, కొంగులు నలిపి చూపించి, నలుగురికీ చీరలు తీసిచ్చింది. యజమాని దూరం నుంచి చూసి, మర్నాటి నుంచి ఆమెను చీరల దగ్గరే నిలబెట్టాడు.

పల్లెవాళ్ళు అద్దాల తలుపు చూసి బయటే చెప్పులు విడిచేవారు. పెద్దక్క దిగివచ్చి, "చెప్పులేసుకునే రామ్మా, ఇదేం గుడి కాదు, అంగడి" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

నేను ఆ అంగడిలో పనికి చేరేనాటికి నాకు ఇద్దరు పిల్లలు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు. "వాళ్ళ కట్టుబట్ట చూడొద్దు పాపా, కండ్లు చూడు. ఏ చీర కాడ ఆగుతాండాయో అదే తియ్యి" అని ఆమె చెప్పింది. నాకు అన్నం పెట్టిన మాట అది.

కొన్నేళ్ళకు యజమాని మంచం పట్టాడు. బయటి ఊరి నుంచి మేనేజరు వచ్చాడు. ఊరికే చూసిపోయేవాళ్ళను లోపలికి రానివ్వొద్దని కాపలాదారుకు చెప్పాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం గొర్రెల కాపరి ఒకాయన, గొంగడి భుజాన వేసుకుని, భార్యతో వచ్చాడు. కూతురి సీమంతానికి చీర కావాలి. కాపలాదారు ఆపేశాడు. పెద్దక్క దిగివెళ్ళి అడిగితే, తన ఉద్యోగం పోతుందని ఆ మనిషి బతిమాలుకున్నాడు. ఆమె పైకి వచ్చి, చేతి నిండా చీరలు తీసుకుని, మళ్ళీ కిందికి వెళ్ళింది. అంగడి ముందు మెట్ల మీద ఒక్కొక్కటీ పరిచి, తన భుజం మీద వేసుకుని చూపించింది. ఆ తల్లి మామిడాకు రంగు చీర ఏరుకుంది.

మేనేజరు వచ్చి, చెప్పిన మాట ఎందుకు వినలేదని అరిచాడు.

"వాళ్ళను రావద్దంటిరి, నేను లోపలికి పిలవలేదు సార్. చీరల్నే బయటికి తెచ్చినా," అంది.

మర్నాడు ఆమెను వెనకాల గోడౌనుకు పంపి, ఆమె చోటు నాకిచ్చాడు. ఇంట్లో మా ఆయనకు పని లేదు. నేను కాదనలేకపోయాను. అన్నాలప్పుడు మొహం చూపించలేక ఒక మూల కూర్చుంటే, ఆమే వచ్చి పక్కన చేరింది. తన డబ్బాలోని చిత్రాన్నం సగం నా దాంట్లో పెట్టింది.

"ఎవురో ఒకరు ఆడ నిలబడాల. నువ్వైతే నేను చెప్పింది మర్సిపోవు."

ఆ తర్వాత పల్లెల ఆడవాళ్ళు వచ్చి ఆ యమ్మ యాడ అని అడిగేవారు. గోడౌను దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకుంది. మేనేజరు వెళ్ళిపోయాక కూడా ఎవరూ ఆమెను తిరిగి పిలవలేదు. పిలవమని నేనూ అడగలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆమె మాత్రం ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

ఊరి నడుమ కొత్త అంగళ్ళు వచ్చాయి. ఉన్నవాళ్ళు పెళ్ళి బట్టలకు బెంగళూరు పోవడం మొదలుపెట్టారు. ముందు పై అంతస్తు మూసేశారు, తర్వాత లిఫ్టు ఆగింది. చివరికి మిగిలిన సరుకంతా ఒక వ్యాపారికి అమ్మేశారు.

ఆఖరి రోజు చీరల అరలు ఊడదీస్తుంటే గోడౌను నుంచి సాయానికి పెద్దక్క వచ్చింది. గోడకు బిగించిన అరలు కిందికి దించితే వాటి వెనక వరసగా కిటికీలు. అంత వెలుగు ఆ అంతస్తులో నేనెప్పుడూ చూడలేదు. ఆమె నడుస్తూ నడుస్తూ ఒక కిటికీ దగ్గర ఆగిపోయింది.

"అది మా ఊరి కొండ పాపా. దాని కిందనే మా చేను. ఇన్నేండ్లూ ఈ చీరల వెనకాలే ఉండాది."

కింద సరుకు కోసం వచ్చిన లారీ హారన్ కొడుతూనే ఉంది. ఆమె కొంగుతో గాజు మీది దుమ్ము తుడిచి, రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని, ఎండకు తెల్లబడిన ఆ కొండను చూస్తూ నిలబడింది.